చుక్క లేదు!

ఇంగ్లండ్‌లో, ఆబింగ్‌డన్‌లో మా అక్కావాళ్ళ వంటిల్లు. శనివారం పొద్దున్న. బయట డ్రైవ్‌వేలో బావగారి ఎమ్‌జీబీ కారు, 1972 మోడల్, మడతపెట్టే టాపు, తీగచక్రాలు. దాని కింద, ఒకప్పుడు అక్క నాన్‌కటాయ్ చేసుకున్న ట్రే. బావగారు రిటైరైన కిడ్నీ డాక్టరు. సూది లేని సిరంజి పట్టుకుని, మొహంలో నెత్తురుచుక్క లేకుండా లోపలికి వచ్చారు.

బావ: సుగుణా, ట్రేలో ఒక్క చుక్క లేదు!

అక్క: (దోసె తిరగేస్తూ) హమ్మయ్య. ఇన్నాళ్ళకి మీ కంటికి ఆనిందన్నమాట.

బావ: ఇన్నాళ్ళకేమిటి? సోమవారం నుంచీ చూస్తూనే ఉన్నాను. నిన్ను కంగారు పెట్టడమెందుకని చెప్పలేదు.

అక్క: ఇందులో కంగారేముందండీ? బాగుందని ఒక్క మాట అంటే మీ సొమ్మేం పోయింది?

బావ: బాగుండడమా? రాత్రంతా నాకు కంటిమీద కునుకు లేదు!

అక్క: (మెత్తబడిపోయి) ఊరుకోండి. ఆ మాత్రానికే నిద్ర మానుకుంటారా? నేనేమన్నా పరాయిదాన్నా?

బావగారు రోజూ సాయంత్రం ఆ బండిని ఊరవతల దాకా తిప్పి తెస్తారు. వేడెక్కిన ఆయిల్ రాత్రల్లా బొట్టుబొట్టుగా ట్రేలో పడుతుంది. పొద్దున్న ఎనిమిదింటికి ఈయన లేచి, దాన్ని సిరంజిలోకి లాగి, ఎన్ని ఎమ్ఎల్లో నోటు పుస్తకంలో రాస్తారు. ఆ కాలమ్ మీద 'అవుట్‌పుట్' అని ఉంటుంది. సర్వీసంతా వార్డులో అదే చూశారు కదా, చెయ్యి ఊరుకోదు. అయితే ఈ సోమవారం నుంచీ మా అక్క ఆరింటికే లేచి, గిన్నెలు తోమే లిక్విడ్ పోసి, ఆ ట్రేని అద్దంలా తోమి మళ్ళీ అక్కడే పెడుతోంది. నేను కిటికీలోంచి చూశాను. బావగారికి చెప్పొచ్చు. కానీ నేను సెలవుల మీద వచ్చాను, ఈ ఇంట్లో టీవీ పనిచేయడం లేదు.

బావ: ఇలా ఎన్నాళ్ళు సాగుతుందంటావ్?

అక్క: నా ఓపిక ఉన్నన్నాళ్ళూ.

బావ: నీ ఓపికతో ఏం పనే? ఇది దాని ప్రాణానికి సంబంధించిన విషయం.

అక్క: దానికేం, గుండ్రాయిలా ఉంది. ఇంకో పదేళ్ళు ఢోకా లేదు.

బావ: నువ్వలాగే అంటావ్. లోపల ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు? ఎలాగైనా సరే, దీన్ని ఇక్కడితో ఆపాలి.

అక్క: ఏమన్నారూ? ఆపాలా?

బావ: ఆపకపోతే క్లచ్ పోతుంది.

అక్క: ఆపమంటే ఆపేస్తాను! నాకేం సరదానా? ఆ చలిలో గౌను మీద కోటేసుకుని...

బావ: నీ చేతుల్లో ఏముందే పిచ్చిదానా!

అక్క: నా చేతుల్లో కాక ఎవరి చేతుల్లో ఉందండీ? చూడండి, ఎలా పగిలాయో!

చేతులు చాపింది. బావగారు సిరంజి జేబులో పెట్టుకుని, ఆ రెండు చేతులూ పట్టుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి చూశారు.

బావ: ఇదేమిటి, ఇంతలా ఎండిపోయాయి? ఎప్పటినుంచి?

అక్క: సోమవారం నుంచే.

బావ: (ఉలిక్కిపడి) అదీ సోమవారం నుంచే, ఇదీ సోమవారం నుంచేనా!

అక్క: మరి రెండూ ఒకటే కదండీ.

బావ: పాపం, దాని మీద బెంగతో నీకు కూడా ఒళ్ళు ఎండిపోయింది. నాకు తెలీదే, నీకు దాని మీద ఇంత ప్రేముందని.

గ్యారేజీలోకి పరిగెత్తి, తాను గ్రీజు పని చేసేముందు రాసుకునే క్రీము డబ్బా తెచ్చి, అక్క వేళ్ళ సందుల్లోకి కూడా పట్టించి పట్టించి రాశారు. అక్క ఏమీ అనలేదు. దోసె మాడింది.

అక్క: దీన్లో గ్రీజు వాసనొస్తోంది.

బావ: డబ్బా ఒకటే. వేలు మాత్రం కడుక్కునే ముంచుతాను.

అక్క: అబ్బో, మర్యాద! ఆ కారుకి మాత్రం ముందు చక్రాల దగ్గర అటు మూడు, ఇటు మూడు గ్రీజు నిపుళ్ళు, 3000 మైళ్ళకోసారి జాకీ ఎత్తి మరీ గన్నుతో కొట్టాలి. నా మోకాళ్ళ సంగతి అడిగినవాడు లేడు.

బావ: జాకీ ఎత్తకపోతే బరువంతా చక్రం మలుపు తిరిగే కింగ్‌పిన్ మీదే ఉంటుంది, గ్రీజు లోపలికి పాకదు.

అక్క: మొన్న చెంచాతో పోశారు చూడండి, ఆ రెండు కార్బ్యురేటర్ల మాడు మీద మూత తిప్పి? పండక్కి తలంటినట్టు! పెళ్ళై ఇన్నేళ్ళయింది, నా మాడున చుక్క నూనె పెట్టారా?

బావ: అది డ్యాష్‌పాట్ సుగుణా! బోలు పిస్టన్ కడ్డీ పైన అరంగుళం ఆయిల్ నిలబడాలి. లేకపోతే యాక్సిలరేటర్ తొక్కగానే పిస్టన్ గభాల్న లేచిపోతుంది, పెట్రోలు చాలక బండి తడబడుతుంది.

అక్క: నేనూ అంతే. నూనె లేకపోతే గభాల్న లేస్తాను.

బావగారు అప్పటికే ఫోనందుకున్నారు. అవతల రావుగారు. ఆయన దగ్గర ఇంజిన్ ఎత్తే హాయిస్టుంది, దాన్ని ఎవరు అడుగుతారా అని ఏడాది పొడుగునా ఎదురుచూస్తుంటారు.

బావ: (ఫోన్లో, వార్డు రౌండ్సు గొంతుతో) రావుగారూ, అవుట్‌పుట్ నిల్ అండీ. పోయిన ఆదివారం దాకా రోజుకి 12 ఎమ్ఎల్ ఇచ్చింది. సడన్‌గా ఆగిపోయింది. ఇన్‌టేక్ మామూలే, 20డబ్ల్యూ-50 ఆయిల్ తప్ప ఇంకోటి ముట్టదు. డిప్‌స్టిక్ మీద మాత్రం లెవెల్ వెంట్రుకవాసి దిగింది. లోపల తగ్గుతోంది, బయటికి రావడం లేదు. మరి ఎక్కడికి పోతున్నట్టు? ఆఁ, అదే నా భయం కూడా. పిన్ను కదిపి చూశాను, పొడిగా ఉంది! సరే, రేపు పదింటికి వచ్చేయండి. ఇంజిన్ దింపేద్దాం.

అక్క: (అట్లకాడ గాల్లో ఆపి) ఏం దింపేద్దాం?

బావ: ఇంజిన్.

అక్క: ట్రే శుభ్రంగా ఉంటే ఇంజిన్ దింపడమేమిటండీ?

బావ: శుభ్రంగా ఉండడమే కదా రోగం! పాత బ్రిటిష్ కార్లవాళ్ళనడుగు, కింద ఆయిల్ పడలేదంటే లోపలా లేనట్టే అంటారు. ఇంజిన్ వెనక క్లచ్‌ని కప్పే డొప్ప, బెల్ హౌసింగ్, దాని అడుగున ఓ చిల్లుంటుంది. అందులో వదులుగా ఓ స్ప్లిట్ పిన్ను వేలాడుతుంటుంది. బండి కదిలినప్పుడల్లా అది ఊగి, మురికి పట్టి చిల్లు పూడిపోకుండా చూస్తుంది. వెనక సీలు దాటిన ఆయిల్ ఆ పిన్ను చివర్నించే జారాలి. జారడం లేదంటే క్యాథెటర్ బ్లాకైనట్టు. లోపలే నిండి, క్లచ్ ప్లేటు తడిసి ముద్దవుతుంది. సీలు మార్చాలంటే ఇంజిన్ దించి, క్లచ్ విప్పి, ఫ్లైవీలు విప్పి...

అక్క: ఆగండాగండి. కారుతుందని తెలిసే కంపెనీవాళ్ళు కింద చిల్లు పెట్టి, అది పూడిపోకుండా పుల్ల కూడా పెట్టి అమ్మారా?

బావ: అదే ఇంజినీరింగంటే! 1962 నుంచి 1980 దాకా ఈ ఊళ్ళోనే 5 లక్షలకు పైగా చేశారు.

అక్క: అందుకే ఆ ఏడే ఫ్యాక్టరీ మూసేశారు.

ఇక్కడ అక్క మొహం చూడాలి. స్టవ్ కట్టేసింది. బావగారి జేబులో సిరంజి వంక చూసింది, కిటికీలోంచి ట్రే వంక చూసింది, తర్వాత నా వంక. నేను చట్నీలో కరివేపాకు ఏరుకుంటున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని రెండుసార్లు దగ్గింది. ఇంకెవరైనా అయితే అప్పుడే చెప్పేసి ఉండేవాళ్ళు. మా అక్క బేరానికి దిగింది.

అక్క: ఇంజిన్ దింపకుండా, రేపు పొద్దున్నకల్లా ఆయిల్ కారేలా చేస్తే నాకేమిస్తారు?

బావ: నువ్వా? ఏం చేస్తావ్, దిష్టి తీస్తావా?

అక్క: ఏదో ఒకటి. ముందు బేరం మాట్లాడండి. ఆ వెనక యాక్సిల్ ఆయిలు, మీ ఈపీ90, నా పచ్చళ్ళ అలమరలోంచి వెళ్ళిపోవాలి. దాని గంధకం వాసన మాగాయకి పట్టేసింది.

బావ: చలికి గట్టిపడుతుందని పెట్టానే...

అక్క: రెండోది, మనం టివిడేల్ బాలాజీ గుడికి వెళ్ళాలి. నా కార్లో.

బావ: ఎమ్‌జీలో వెళ్దాం, టాపు దించుకుని. దానికి 40 దాటింది, రోడ్డు టాక్స్ కట్టక్కర్లేదు, ఏడాదికోసారి టెస్టు కూడా అక్కర్లేదు.

అక్క: 40 దాటిన మనిషికి మాత్రం చెకప్‌కి రమ్మని ఉత్తరాలు రాస్తారు! వద్దండీ. మనం దేవుణ్ణి చూడ్డానికి వెళ్తున్నాం, దేవుడి దగ్గరికి కాదు.

బావగారు ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం మామూలుగానే ఓ చుట్టు తిప్పి తెచ్చి, కారు బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. నాడి చూస్తున్నారనుకుంటాను. అక్క రాత్రి అలారం కట్టేసి పడుకుంది.

ఆదివారం ఎనిమిదింటికి బయటి నుంచి కేక.

బావ: వచ్చింది! సుగుణా, వచ్చింది! 14 ఎమ్ఎల్! మరదలా, నువ్వూ రా, రంగు చూడు, తేనెలా ఉందా లేదా?

చూశాను. తారులా ఉంది. తేనెలా ఉందనే చెప్పాను.

బావ: ఏం చేశావే? నిజం చెప్పు.

అక్క: ఏమీ చేయలేదు.

బావ: ఏమీ చేయకుండానే వచ్చిందా?

అక్క: ఏమీ చేయలేదు కాబట్టే వచ్చింది.

ఈ మాటకి ఇంకెవరైనా ఓ క్షణం ఆగి ఆలోచిస్తారు. బావగారు ఫోనందుకున్నారు.

బావ: రావుగారూ, హాయిస్టు వద్దండీ. క్లియరైంది. మొన్న నేను పిన్ను కదిపాను చూడండి, దాని ఎఫెక్టు. కొంచెం టైము తీసుకుంది. చెయ్యి తిరిగినవాడు కదిపితే అంతేనండీ, హహ్హహ్హ.

అక్క: (అట్లకాడ దించి) ఏమిటీ? మీరు కదిపారా!

బావ: మరి నువ్వేం చేయలేదన్నావుగా.

అక్క: ఆరు రోజులు! ఆరింటికల్లా లేచి, వంగని మోకాళ్ళు వంచి, ఆ ట్రే తోమింది నేను. మీ పిన్నుని కూడా టిష్యూతో తుడిచింది నేను. ఇవాళ తోమలేదు, అందుకొచ్చింది మీ 14 ఎమ్ఎల్. ఎఫెక్టట, ఎఫెక్టు!

నిశ్శబ్దం. ఫోన్లో రావుగారు "హలో, హలో" అంటున్నారు.

బావ: (నీరసంగా) తోమావా... రోజూనా?

అక్క: రోజూ.

బావ: పిన్ను కూడా తుడిచావా?

అక్క: తళతళా.

బావ: ఆరు రోజుల రీడింగులు సుగుణా! నా పుస్తకంలో ఆరు సున్నాలు! నన్నొక్క మాట అడగొచ్చు కదే!

అక్క: నిన్న రోజంతా చెప్తూనే ఉన్నాను. మీరే నా చేతులకి క్రీము రాశారు.

బావ: అసలెందుకు తోమావ్?

అక్క: పక్కింటావిడ తెల్లపిల్లి రాత్రిళ్ళు మన కారు కింద పడుకుంటోంది. మీ ట్రేలో కాలు పెట్టి, పోయి వాళ్ళాయన కారు బానెట్ మీద అడుగులేస్తోంది. ఆవిడ నాతో చెప్పింది. మీతో చెప్తే మీరు చిన్నబుచ్చుకుంటారని, మీ కారుని ఎవరూ ఒక్క మాట అనకూడదని...

మిగతాది మింగేసింది. బావగారు ఏదో అనబోయి, కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు. దానికి కూడా ఆయిల్ అంటుకుంది.

బావ: రేపట్నుంచి నేనే తోముతాను. ఆరింటికే.

అక్క: మీరు ఆరింటికి లేస్తే ఆ కారుకి లీకు ఉండదు.

అప్పుడే కాలింగ్ బెల్లు మోగింది. గుమ్మంలో పక్కింటావిడ, చంకలో పిల్లి. పిల్లి మోచేతుల దాకా నల్లటి మేజోళ్ళు తొడుక్కున్నట్టుంది. అక్క ఆవిడకి సారీలు చెప్తుంటే బావగారు వెనకనుంచి తొంగి చూసి, గబగబా నోటు పుస్తకం తెరిచారు.

బావ: అయితే ఇవాళ్టి అవుట్‌పుట్ 14 కాదన్నమాట. పాదానికి ఓ అర ఎమ్ఎల్ పోయిందనుకుందాం. రెండు పాదాలకి ఒకటి. మొత్తం 15.

అక్క: (వెనక్కి తిరక్కుండా) పిల్లికి నాలుగు కాళ్ళండీ. వెనకవి కూడా కలుపుకోండి.