సైకిల్ దగ్గరే ఆగిపోతే ఎలా?
ఇల్లెందు నుంచి అయిదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన గుమ్మడి నర్సయ్య గొప్పతనమంతా సైకిలు మీద, బస్సులో తిరిగే నిరాడంబరతలోనే ఉందన్నట్టు మీ వ్యాసంలో రాశారు. ఒప్పుకోలేను. సైకిలు, బస్సు ప్రయాణం నిజమే, కాదనను. కానీ ఆయన్ను గెలిపించింది సైకిలా? బీడీలు చుట్టే తునికాకును కొనే కల్లం దగ్గర నిలబడిన వాళ్లను అడగండి. ఎండాకాలం వచ్చిందంటే మా అమ్మ తెల్లవారకముందే అడవికి వెళ్లేది. మధ్యాహ్నమంతా చెట్టు కింద కూర్చుని, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున నారతో కట్టేది. తీరా కల్లానికి మోసుకెళ్తే ఆకు చిన్నదనో, చిల్లులు పడిందనో కొన్ని కట్టలు పక్కన పడేసేవారు. పక్కన పడేసినవి మళ్లీ చేతికి రావు, డబ్బూ రాదు! కట్టకు పది పైసలు పెంచమని అడగాలన్నా వెనక సంఘం ఉండాలి. ఎం.ఎల్. (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీ వాళ్లు ఆకు రేటు కోసం, అడవి నరికి సాగు చేసుకునే పోడు భూముల కోసం ఊరూరా జనాన్ని కూడగట్టారు. నర్సయ్య అందులోంచి వచ్చిన మనిషి. 1983, 85, 89 ఎన్నికల్లో వరసగా గెలిచి, 1994లో ఓడారు. పదవి పోయాక ఆయన కనిపించకుండా పోయి ఉంటే 1999లో, మళ్లీ 2004లో జనం ఎందుకు గెలిపిస్తారు? వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యమైనా లేదు. 2009లో ఎందుకు ఓడారో కూడా రాయాల్సింది. డబ్బు ఒక్కటే కారణమంటే నేను నమ్మను, విప్లవ పార్టీల్లో చీలికలు తక్కువ నష్టం చేయలేదు.