టాటెన్‌హామ్ డబ్బంతా స్టేడియమే మింగిందా?

ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్ క్లబ్ టాటెన్‌హామ్ ఊసెత్తితే చాలు, "స్టేడియం కట్టుకున్నారు కదా, ఇక ప్లేయర్లకి డబ్బులెక్కడివి" అంటారు. 2018 వరకైతే ఒప్పుకుంటాను. ఆ తర్వాత కూడా అదే సాకు చెప్తే ఒప్పుకోను.

2018 తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. 2016-17లో పాత సొంత గ్రౌండ్ వైట్ హార్ట్ లేన్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఓడకుండా, 86 పాయింట్లతో రెండో స్థానంలో నిలిచిన జట్టది. కేన్, సన్, ఎరిక్సన్, డెలె అలీ అందరూ మంచి వయసులో ఉన్నారు, ఇంకో ఇద్దరు ముగ్గురు వస్తే టైటిల్ కొట్టేవాళ్లు. సరిగ్గా అప్పుడే పాత గ్రౌండ్ పడగొట్టి తాత్కాలికంగా వెంబ్లీ స్టేడియానికి మారారు, కొత్తదాని ఖర్చు పెరిగీ పెరిగీ దాదాపు వంద కోట్ల పౌండ్లకి చేరింది, తెరవడం ఆలస్యమైంది, 2018 వేసవిలో ఒక్క ప్లేయర్‌ని కూడా కొనలేదు. ట్రాన్స్‌ఫర్ విండో (వేసవిలో, జనవరిలో మాత్రమే ప్లేయర్లని కొనే) పద్ధతి వచ్చాక ప్రీమియర్ లీగ్‌లో అంతకుముందు ఏ వేసవిలోనూ ఏ క్లబ్బూ అలా చేయలేదు! జనవరిలోనూ ఎవరూ రాలేదు, పైగా మూసా డెంబెలేని అమ్మేశారు. అలసిపోయిన ఆ జట్టునే కోచ్ పోచెట్టినో 2019లో యూరప్ క్లబ్బుల అతిపెద్ద టోర్నీ ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ దాకా తీసుకెళ్లాడు. లివర్‌పూల్ చేతిలో ఓడారు, నవంబర్‌లో ఆయన్ని తీసేశారు.

ఇక అప్పు సంగతి చూడండి. 2019లో 63.7 కోట్ల పౌండ్ల అప్పుని రీఫైనాన్స్ చేశారు, అంటే పాత అప్పు తీర్చి కొత్త షరతులతో మళ్లీ తీసుకున్నారు. అందులో ఎక్కువ భాగం బాండ్లే, తీర్చడానికి సగటున 23 ఏళ్ల గడువు, వడ్డీ మూడు శాతం లోపే. అంటే ఏడాదికి వడ్డీ సుమారు కోటీ డెబ్బై లక్షల పౌండ్లు, పెద్ద క్లబ్బులో ఒక టాప్ స్టార్ జీతమంత. క్లబ్బుల నష్టాలకి లీగ్ పెట్టిన పరిమితి లెక్కలోంచి స్టేడియం కట్టిన ఖర్చుని మినహాయించేవారు కూడా. కోవిడ్‌లో సీట్లు ఖాళీగా ఉన్నప్పుడు టెన్షన్ పడ్డారు, నిజమే. కానీ ఆ తర్వాత 62 వేల పైచిలుకు సీట్లు, ఎన్ఎఫ్ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్) మ్యాచ్‌లు, బియాన్సే కచేరీలు, డబ్బు బాగానే వచ్చింది. 2023-24లో ఆదాయం 52.8 కోట్ల పౌండ్లు. అందులో జీతాలకి పెట్టింది 42 శాతం! పోటీపడే పెద్ద క్లబ్బులన్నీ సగానికి పైగా పెడుతుంటే.

అసలు కొనలేదని అనను, ఎన్‌డొంబెలే, రిచార్లిసన్, సొలంకే మీద గట్టిగానే పోశారు. ప్లేయర్ల పాత క్లబ్బులకి ఫీజు కట్టారు గానీ పెద్ద జీతాలు అడిగేవాళ్ల జోలికి పోలేదు, అందుకే రెండో వరస ప్లేయర్లు మిగిలారు. 2025లో యూరప్ రెండో స్థాయి టోర్నీ యూరోపా లీగ్ గెలిచిన ఏడాదే ప్రీమియర్ లీగ్‌లో 17వ స్థానం, బెంచ్ బలం లేకపోతే అంతే మరి.

స్టేడియం కట్టినందుకు అప్పటి క్లబ్ ఛైర్మన్ లెవీని నేనెప్పుడూ తిట్టను, అది చాలా మంచి స్టేడియం. దాని వల్ల వచ్చిన డబ్బుని ముందు నుంచీ ధైర్యంగా జీతాల మీద పెట్టి ఉంటే, కప్పులు గెలిచే జట్టు ఇక్కడే ఉండేది, 2023లో కేన్ జర్మన్ క్లబ్ బేయర్న్‌కి వెళ్లాల్సిన అవసరమే వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.