జపాన్‌లో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు ఎందుకు తగ్గడం లేదు?

పౌరులందరికీ ఆరోగ్య బీమా ఉన్న జపాన్‌లో ఏటా దాదాపు 11 వేల మంది మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ బయటపడుతోంది. సుమారు 2,900 మంది చనిపోతున్నారు. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ఈ మరణాల రేటు దశాబ్దాలుగా పడిపోతూ వచ్చింది. జపాన్‌లో మాత్రం 1990ల దాకా తగ్గి అక్కడే నిలిచిపోయింది. యాభై ఏళ్లలోపు వారిలోనైతే పెరిగింది. పసిపిల్లల తల్లులను పొట్టన పెట్టుకుంటోంది కాబట్టి అక్కడ దీన్ని 'మదర్ కిల్లర్' అంటారు.

అంకెలు చదివేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. పాత మరణ ధ్రువపత్రాల్లో చాలాసార్లు 'గర్భాశయ క్యాన్సర్' అని మాత్రమే రాసేవారు. ముఖద్వారానిదా, లోపలి పొరదా అన్నది ఉండేది కాదు. ఆ లెక్క సర్దకపోతే పాత మరణాలు తక్కువగా, తర్వాతి పెరుగుదల ఎక్కువగా కనిపిస్తాయి. వృద్ధులు పెరిగిన దేశం కాబట్టి వయసువారీ రేట్లే చూడాలి.

నా దృష్టిలో లోపం చికిత్సలో లేదు, మహిళలను పరీక్షకు పిలిచే ఏర్పాటులో ఉంది. 1983 నుంచి 30 ఏళ్లు దాటినవారికి స్క్రీనింగ్ ఉంది. 2004లో దాన్ని 20 ఏళ్లకు తగ్గించి, రెండేళ్లకోసారి చేయాలన్నారు. అయినా చేయించుకునేవారు 40 శాతం పైచిలుకే. స్క్రీనింగ్ మునిసిపాలిటీల బాధ్యత. ఆఫీసు హెల్త్ చెకప్‌లో చేయించుకునేవారి వివరాలు మాత్రం వాటికి చేరవు. ఎవరు రాలేదో తెలియకుండా ఎవరికి గుర్తుచేస్తారు? పైగా కొన్ని చెకప్‌లలో మహిళలు తామే తీసుకున్న నమూనాతో పాప్ పరీక్ష, అంటే ముఖద్వారం కణాలను మైక్రోస్కోప్‌లో చూసే పరీక్ష, చేస్తారు. అలా తీసిన నమూనా, ఈ క్యాన్సర్‌కు ప్రధాన కారణమైన హెచ్‌పీవీ వైరస్ పరీక్షకు సరిపోతుంది. కణాల పరీక్షకు నమ్మదగింది కాదు, ఎందుకంటే ముఖద్వారం నుంచి కణాలు సరిగా రావు.

టీకా విషయంలో జరిగింది మరీ బాధాకరం. 2013 ఏప్రిల్‌లో హెచ్‌పీవీ టీకాను జాతీయ కార్యక్రమంలో చేర్చారు. నొప్పులు, వణుకు వంటి ఫిర్యాదులు టీవీల్లో హోరెత్తడంతో జూన్‌లోనే సిఫారసు ఆపేశారు. టీకాను నిషేధించలేదు, ఉచితంగానే ఉంచారు. ఇళ్లకు వెళ్లే నోటీసులు ఆగిపోయాయంతే. 1990ల రెండో సగంలో పుట్టిన అమ్మాయిల్లో 70 శాతం దాకా ఉన్న టీకా రేటు, ఆ తర్వాతి వారిలో ఒక శాతం లోపుకు పడిపోయింది. నగోయా నగరం చేసిన సర్వేలో సుమారు 30 వేల మంది యువతులు సమాధానమిచ్చారు. అడిగిన 24 లక్షణాలకూ టీకాకూ సంబంధం కనిపించలేదు. అయినా సిఫారసు 2022 ఏప్రిల్ దాకా తిరిగి రాలేదు. 1994–2007 మధ్య పుట్టినవారిలో ఈ జాప్యం వల్ల జీవితకాలంలో 5,000 నుంచి 5,700 అదనపు మరణాలు ఉంటాయని 2020లో 'లాన్సెట్ పబ్లిక్ హెల్త్' అధ్యయనం అంచనా వేసింది.

ఇలాంటి భయం మనకూ తెలుసు. ఖమ్మం జిల్లాలో ఇదే టీకా ప్రయోగాత్మక కార్యక్రమం కొందరు బాలికల మరణాలతో 2010లో ఆగింది. మరణాలకు టీకా కారణం కాదని విచారణ తేల్చింది. కానీ హాస్టల్ వార్డెన్లు తల్లిదండ్రుల బదులు సంతకాలు చేయడం నిజమైన తప్పు, దాన్ని చిన్నది చేయకూడదు.

టీకా తప్పిపోయి, తర్వాత కూడా వేయించుకోని జపాన్ యువతులకు మిగిలింది స్క్రీనింగే. 2024 ఏప్రిల్ నుంచి 30–60 ఏళ్ల వారికి ఐదేళ్లకోసారి హెచ్‌పీవీ పరీక్ష పెట్టుకునే వీలు మునిసిపాలిటీలకు కల్పించారు. వైరస్ ఉండి కణాలు మామూలుగా ఉన్నవారిని మాత్రం ఏడాదికే మళ్లీ పిలిచి పరీక్షించాలి. అందుకు ప్రతి ఒక్కరి ఫలితం, తర్వాతి తేదీ ఒకేచోట నమోదై ఉండాలి. ఆఫీసు చెకప్‌ల వివరాలను ఆ రిజిస్టర్‌లోకి తేవడం చట్టబద్ధం చేయాల్సిన పని.