కనబడుట లేదు: ఆత్మవిశ్వాసం, ప్రేమ, విలువలు

ఈ మధ్య ఎవరిని కదిపినా ఏదో ఒకటి వెతుక్కుంటున్నారు. ఒకరికి ఆత్మవిశ్వాసం కనబడటం లేదు. ఇంకొకరికి ప్రేమ. కాస్త ఎక్కువ చదువుకున్నవాళ్ళకు విలువలు. తాళంచెవి పోతే ఇంటిల్లిపాదినీ తిట్టే మనిషి కూడా వీటి దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి, "నన్ను నేను తెలుసుకుంటున్నాను" అంటున్నాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతకడాన్ని మన పెద్దలు సామెత చేసి వెక్కిరించారు. పాపం, వెతకడంలోని సుఖం వాళ్ళకు తెలియదు. పిల్లాడు దొరికితే అన్నం పెట్టాలి, ముక్కు తుడవాలి. దొరకనంతసేపూ ఆ పని తప్పుతుంది.

ముందు ఆత్మవిశ్వాసం సంగతి. అది లేదని దిగులుపడేవాళ్ళు, పుష్కలంగా ఉన్నవాళ్ళ చరిత్ర ఒకసారి చూడాలి. 1995లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒకాయన ముఖానికి నిమ్మరసం పూసుకుని పట్టపగలు రెండు బ్యాంకులు దోచాడు. నిమ్మరసంతో రాసిన అక్షరాలు కంటికి కనబడవు కదా, అలాగే నిమ్మరసం పూసిన ముఖం కెమెరాకు కనబడదని ఆయన నమ్మకం. ముసుగు లేదు, టెన్షన్ లేదు. పోలీసులు వీడియో చూపిస్తే, రసం పూసుకున్నానే అని తెల్లబోయాడట. 1999లో డేవిడ్ డన్నింగ్, జస్టిన్ క్రూగర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు తమ పరిశోధన పత్రాన్ని ఈ మహానుభావుడితోనే మొదలుపెట్టారు. పని చేతకానివాళ్ళకు, అది తమకు చేతకాదని గ్రహించే తెలివి కూడా తక్కువేనని అందులోని వాదన. చదువుతుంటే నాకు మా ఆఫీసులో ఇద్దరు గుర్తొచ్చారు. నేను గుర్తురాలేదు.

నిమ్మకాయలు ఇష్టంలేనివారికి భంగిమలున్నాయి. ఒళ్ళు విరుచుకుని దర్జాగా రెండు నిమిషాలు ఉంటే హార్మోన్లే మారిపోతాయని 2010లో 42 మందితో చేసిన ప్రయోగం తేల్చింది. 2015లో 200 మందితో మళ్ళీ చేస్తే హార్మోన్లు కదలనే లేదు. మొదటి పత్రం రాసిన ముగ్గురిలో ఒకరైన డానా కార్నీ, ఆ ప్రభావం నిజమని తాను నమ్మడం లేదని 2016లో బాహాటంగా చెప్పేశారు. సొంత తప్పు ఒప్పుకోవడానికి ఏ భంగిమలో నిలబడాలో మాత్రం శిక్షణ తరగతుల్లో నేర్పరు. దానికి గిరాకీ లేదు.

ప్రేమ తేలిక. ముక్కూమొహం తెలియని ఇద్దరు ముప్పావుగంటలో దగ్గరయ్యేందుకు ఆర్థర్ ఆరన్ బృందం 1997లో 36 ప్రశ్నలు ఇచ్చింది. వచ్చిన చిక్కల్లా, అవతలి మనిషి జవాబు చెబుతుంటే వినాలి. అందుకే చాలామంది తమను తాము ప్రేమించుకోవడంతో సరిపెట్టుకుంటున్నారు. అందులో ఎవరూ మాటకు అడ్డురారు.

ఇక విలువలు. మిల్టన్ రోకీచ్ అనే ఆయన 36 విలువలను రెండు జాబితాలుగా చేసి, ఒక్కోదాంట్లో 18 చొప్పున వరస పెట్టమన్నాడు. నేనూ పెట్టాను. క్షమాగుణానికి మూడో స్థానం ఇచ్చాను. ఆ కాగితం మీద నీళ్ళు ఒలికించినందుకు మా తమ్ముడితో రెండు రోజులు మాట్లాడలేదు.

నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం డార్లీ, బ్యాట్సన్ అనే పరిశోధకులు 1973లో ప్రచురించిన ప్రయోగం. ప్రిన్స్‌టన్‌లో మతబోధకులు కావడానికి చదువుతున్న 40 మందిని పిలిచి, పక్క భవనంలో ప్రసంగించాలని చెప్పి పంపారు. కొందరికి ఇచ్చిన విషయం, బైబిల్లో దారిలో గాయపడి పడున్నవాణ్ణి ఆదుకున్న మంచి సమరయుడి కథ. వెళ్ళే దారిలోనే ఒక మనిషిని మూలుగుతూ కూలబడి ఉండమన్నారు. ఆలస్యమైందని తొందరపెట్టి పంపినవాళ్ళలో 10 శాతమే ఆగారు. ప్రసంగం ఆ కథ మీదైనా పెద్ద తేడా రాలేదు. ఆ కథ చెప్పడానికి వెళ్తూ కొందరు అతన్ని దాటుకునే అడుగేశారు.

వాళ్ళను తప్పుపట్టడం అన్యాయం. వాళ్ళు విలువలు లేనివాళ్ళు కాదు, ఆలస్యమైనవాళ్ళు. లోపమంతా ఆ కూలబడ్డ మనిషిది. ముందుగా కబురు చెయ్యకుండా, జనం హడావిడిగా ఉన్న వేళ చూసుకుని పడిపోయాడు. కాబట్టి నా ప్రతిపాదన: సాయం కావలసినవారు ఆదివారం ఉదయం 10 నుంచి 11 గంటల మధ్య, పేరు నమోదు చేసుకుని, కనబడే చోట పడిపోవాలి. ఆ వేళకు నేను తప్పకుండా వస్తాను, మీటింగ్ ఏదీ తగలకపోతే.