తాళం జేబులో, హారన్ వంతెన మీద

పర్లాకిమిడి బజారులో ఒక ఎద్దు ఉంది. ఎవరిదో తెలియదు, ఎవరూ అడగరు. కూరగాయల దుకాణాల దగ్గర రోడ్డుకు నడిమధ్య పడుకుని నెమరు వేస్తుంటుంది. ఒకనాటి సాయంత్రం దాని వెనక బండి ఆపి హారన్ కొట్టాను. ఏడేళ్ల నాటి హారన్ అది, జలుబు చేసిన మేకపిల్ల తుమ్మినట్టు ఉంటుంది. ఎద్దు చెవి కూడా కదపలేదు. వెనక కూర్చున్న మా ఆవిడ దిగి, కొంగు బిగించి, "హెయ్!" అన్నది. ఎద్దు లేచి పక్కకు పోయింది.

ఇల్లు చేరేదాకా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అని ఉంటే సర్దుకునేవాణ్ని.

మర్నాడే హారన్ల వేటలో పడ్డాను. దుకాణదారు బల్ల మీద ఒక బ్యాటరీ పెట్టుకుని, రెండు తీగలతో ఒక్కో హారన్‌నూ ముట్టించి వినిపిస్తున్నాడు. ముట్టించినప్పుడల్లా ఎదురుగా బట్టల కొట్టాయన ఉలిక్కిపడి లేచి, మళ్లీ కూర్చుంటున్నాడు. మొదట పాటలు పాడే హారన్ చూపించాడు. నా వెంట వచ్చిన బావమరిది న్యాయశాస్త్రం రెండో ఏడు చదువుతున్నాడు, కనుక వంకాయల బేరంలో కూడా సెక్షన్లు దొర్లిస్తాడు. "1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 119వది ఒకసారి చూడండి బావా. రకరకాల స్వరాలు పలికే హారన్ కుదరదు. 2019 సవరణ తరువాత శబ్ద కాలుష్యానికి మొదటిసారే 10,000 రూపాయల దాకా జరిమానా" అన్నాడు. దుకాణదారు వాణ్ని ఒకసారి చూసి, పాటల హారన్‌ను లోపల పెట్టేశాడు.

చివరికి నత్తగుల్లల్లా చుట్టుకుని ఉన్న జంట ఒకటి నచ్చింది. ఒకటి బొంగురుది, ఒకటి కీచుది. రెండూ కలిసి మోగితే లారీ వచ్చినట్టే ఉంటుంది. లారీ వచ్చినట్టు ఉండటమే నాకు కావలసింది.

మెకానిక్ వాటిని చూసి ముచ్చటపడ్డాడు. అయితే పాత హారన్ తాగే కరెంటు రెండు మూడు ఆంపియర్లు. కొత్తవి రెండూ కలిసి పదికి తక్కువ తాగవు. అంత కరెంటు హ్యాండిల్ మీది చిన్న స్విచ్చి గుండా పోతే స్విచ్చి మాడిపోతుంది. అందుకని మధ్యలో రిలే పెట్టాలి. స్విచ్చి రిలేను మాత్రమే పిలుస్తుంది, రిలే బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తెచ్చి హారన్లకు ఇస్తుంది. జమీందారు కనుసైగ చేస్తే పాలేరు బస్తా మోసినట్టు. అంతవరకు బాగానే ఉంది. రిలే రెండు రకాలు ఉన్నాయి, ఒకటి 180 రూపాయలు, ఒకటి 60 అన్నాడు. పనిచేసేది ఒకటే కదా అని నేను 60దే తీయమన్నాను.

"ఫ్యూజు కూడా వేస్తావా?"

"ఫ్యూజు ఎందుకు మాస్టారూ, నేను ఉన్నాను కదా" అన్నాడు.

బిగించాక చూస్తే హ్యాండిల్ ఎడమకు తిరగడం లేదు, బొంగురుది ఫోర్కుకు తగులుతోంది. కుడివైపు మలుపులతోనే ఇల్లు చేరేలా దారి ఆలోచించాను కూడా. పట్టీని సుత్తితో వంచి ఆ ముచ్చట తీర్చాడు. మూతులు కిందికి ఉంటే వాననీరు నిలవదు, కానీ దర్జా కోసం ఎదురుగా పెట్టించుకున్నాను. మొదటి వానకు రెండూ పుక్కిలించాయి.

ఆ వారం నేను కొట్టని మలుపు లేదు. ఈ ఊళ్లో నా హారన్‌ను తట్టుకోగలిగినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు ఒక్కరే. సవర భాష కోసం కొండల్లో తిరిగి, మలేరియా తెచ్చుకుని, దానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోగొట్టుకున్న మహానుభావుడు. ఆయన 1940లోనే వెళ్లిపోయారు కనుక భారమంతా మా వీధివాళ్ల మామూలు చెవుల మీదే పడింది.

ఎనిమిదో నాడు తెల్లవారుజామున బావమరిదిని పాతపట్నంలో బస్సు ఎక్కించడానికి బయలుదేరాను. మహేంద్రతనయ నది వంతెన మీద పొద్దుటి నడకకు వచ్చిన పెద్దలు నలుగురు వరసగా పోతున్నారు. పక్కకు జరగమని కొంచెం నొక్కాను.

నొక్కడం ఆపాను. హారన్ ఆపలేదు.

బండి ఆపాను. తాళం తిప్పాను. తాళం తీసి చేత్తో పట్టుకున్నాను. అది మోగుతూనే ఉంది. 60 రూపాయల రిలే లోపల రెండు ముక్కలు కరెంటు వేడికి అతుక్కుపోయాయి, ఇక దానికి తాళంతో పనిలేదు. అది నాకు తరువాత తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా నలుగురు పెద్దలు నా చుట్టూ చేరారని. "తాళం తీయండి బాబూ" అని ఒకరు తెలుగులో, అదే మాట ఇంకొకరు ఒడియాలో. తాళం ఎత్తి చూపించాను. నమ్మలేదు. రెండో తాళం ఉందేమోనని జేబులు తడిమారు.

ఒక పాలవాడు తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి బొంగురుదాని నోట్లో కుక్కాడు. దాని గొంతు గేదె గొంతులోకి దిగింది. కీచుది మాత్రం, పక్కన పోటీ తగ్గిందని కాబోలు, ఇంకా విజృంభించింది. రెండో తువ్వాలు ఎవరి దగ్గరా లేదు.

లెక్కల మాస్టారిని కనుక ఆ స్థితిలోనూ బుర్ర ఊరుకోలేదు. బ్యాటరీ ఐదు ఆంపియర్ అవర్లు, హారన్లు పది ఆంపియర్లు, అంటే అరగంట. "అరగంటలో అదే ఆగిపోతుందండీ" అని గట్టిగా అరిచి చెప్పాను. నడకకు వచ్చిన పెద్దల్లో ఒకాయన గుండె మీద చెయ్యి వేసుకున్నారు. బావమరిది ఏదో సెక్షన్ చెబుతున్నాడు. పెదవులు కదలడం కనిపించింది, మాట వినిపించలేదు.

పక్క మూత తీస్తే బ్యాటరీ కనబడింది. తీగ విప్పాలంటే స్క్రూడ్రైవర్ కావాలి. బండితో వచ్చిన పనిముట్ల సంచీ హారన్లు బిగించిన రోజునే మెకానిక్ దగ్గర ఉండిపోయింది. రూపాయి బిళ్ల పెట్టి చూశాను, గాడిలో పట్టలేదు. ఇంతలో వంతెన చివర టీ కాస్తున్న అమ్మ, అల్లం తరిగే కత్తి పట్టుకుని పరుగున వచ్చింది. జనం ఆమెకు దారి ఇచ్చిన తీరు చూస్తే, నా మీదికే వస్తోందని అనుకున్నట్టున్నారు. కత్తి మొన గాడిలో పెట్టి మూడు చుట్లు తిప్పింది. తీగ ఊడింది.

అప్పుడు వినిపించింది, వంతెన కింద బట్టలు ఉతుకుతున్న చప్పుడు. పాలవాడు తువ్వాలు లాక్కుని దులుపుకున్నాడు. ఆమె కత్తిని చీర చెంగుకు తుడిచి, "టీ తాగుతారా బాబూ?" అంది. అందరికీ నేనే ఇప్పించాను. బస్సు వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం మెకానిక్ కొత్త హారన్లు విప్పి, అటక మీద నుంచి నా పాతదాన్ని దింపాడు. దాని వీపున చిన్న మర ఒకటి ఉంటుంది. పావు చుట్టు తిప్పి, నొక్కాడు. ఇంకో పావు చుట్టు తిప్పి, నొక్కాడు. మేకపిల్ల కాస్తా గిత్తయింది. వీధి చివర కుక్క లేచింది.

"ఇది ముందే చేయవచ్చు కదయ్యా!"

"మీరు కొత్తది బిగించమన్నారు మాస్టారూ. పాతదానికి ఏమైందని అడగలేదు" అంటూ మర తిప్పినందుకు 30 రూపాయలు తీసుకున్నాడు.