పదో తరగతి జాబితా ఎవరి చేతికి?

పదో తరగతి పరీక్షలు ముగియకముందే నల్లగొండ, మహబూబ్‌నగర్ ఇళ్లల్లో ఫోన్లు మోగడం మొదలవుతుంది. అవతలి గొంతుకు బిడ్డ పేరు తెలుసు, చదివే బడి తెలుసు, ఒక్కోసారి ప్రీ ఫైనల్ మార్కులు కూడా తెలుసు. "మీ పాపను మా కాలేజీలో చేర్పించండి సార్, ఫీజు తగ్గిస్తాం" అంటాడు కాలేజీ తరఫున ప్రచారం చేసే పీఆర్వో. నంబరు ఎక్కడిదంటే మాట దాటేస్తాడు. బడి నుంచో, ట్యూషన్ నుంచో జాబితా చేతులు మారి ఉంటుందని తల్లిదండ్రులకూ తెలుసు. అడ్మిషన్ల సీజన్‌లో ఇది మామూలే అని ఊరుకుంటున్నారు.

మామూలు కాదని చట్టం చెబుతోంది. 2023 ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని వారంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లి లేదా తండ్రి సమ్మతి తీసుకోవాలి, ఆ సమ్మతి నిజమైనదేనా అని సరిచూసుకోవాలి. పిల్లలు ఆన్‌లైన్‌లో ఏం చేస్తున్నారో ఆరా తీయడం, వాళ్లను గురిపెట్టి ప్రకటనలు చూపడం కుదరదు. మీరితే 200 కోట్ల రూపాయల దాకా జరిమానా. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తేల్చింది 2017లో. చట్టం కింద నిబంధనలు వెలువడింది 2025 నవంబరులో. కీలకమైన బాధ్యతలు అమల్లోకి రావడానికి మరో 18 నెలలు, అంటే 2027 మే దాకా గడువిచ్చారు.

చట్టాన్ని మేం స్వాగతిస్తున్నాం. మా పేచీ సమ్మతి దగ్గర. కోస్గి, మద్దూరు, నారాయణపేట వైపు తల్లిదండ్రులు ముంబయి, పుణె పనులకు పోతే పిల్లలు నానమ్మ దగ్గరో, అమ్మమ్మ దగ్గరో ఉంటారు. దేవరకొండ తండాల్లోనూ అంతే. చట్టం తల్లిదండ్రులనూ, చట్టబద్ధమైన సంరక్షకులనూ మాత్రమే గుర్తిస్తుంది. చేతిలో ఏ కాగితమూ లేని నానమ్మ ఆ లెక్కలోకి రాదు. సమ్మతి ఇచ్చేవారెవరో డిజీలాకర్ (గుర్తింపు పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్) లాంటి వాటితో సరిచూడొచ్చని నిబంధనలు అంటున్నాయి. 2011 జనాభా లెక్కల్లో పాత మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం, ఉమ్మడి రాష్ట్రంలోనే అట్టడుగు. ఇలాంటి చోట ఇంట్లో డిజీలాకర్ తెరిచేది ఎవరు? తొమ్మిదో తరగతి పిల్లాడే. ఆధార్ తండ్రిది, ఓటీపీ వచ్చేది తండ్రి ఫోన్‌కు, ఆ ఓటీపీ అడిగి కొట్టేది కొడుకు. సమ్మతి కోరే పత్రం తెలుగులోనూ ఉండాలన్న నియమం మంచిదే. దాన్ని పెద్దవాళ్లకు చదివి వినిపించేదీ ఆ పిల్లాడే మరి.

ఆడపిల్లల సంగతి ఇంకా చిక్కు. ఇంటర్ చదివే పదిహేడేళ్ల అమ్మాయి ప్రతి యాప్‌కూ నాన్న అనుమతి అడగాలంటే, చాలా ఇళ్లల్లో అనుమతికి బదులు ఫోనే లాక్కుంటారు.

విద్యాసంస్థలకు నిబంధనల్లో కొంత మినహాయింపు ఉంది. చదువు అవసరాల కోసం, పిల్లల భద్రత కోసం వాళ్లను గమనించవచ్చు. బడి బస్సుకు జీపీఎస్ పెడితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ఆ మినహాయింపు పేరు చెప్పి మార్కుల జాబితాలు పక్కవాడికి అప్పజెప్పడం మాత్రం కుదరదు. కాలేజీకి విద్యార్థులను సరఫరా చేయడం చదువు అవసరం ఎలా అవుతుంది?

ఫిర్యాదు దారీ దగ్గరిది కాదు. ముందు వివరాలు వాడుకున్న సంస్థనే అడగాలి, జవాబివ్వడానికి దానికి 90 రోజుల దాకా సమయం ఉంటుంది. ఆ తర్వాతే ఈ చట్టం కింద ఫిర్యాదులు విచారించే డేటా పరిరక్షణ బోర్డు. ఈలోగా అడ్మిషన్లు అయిపోయి క్లాసులు కూడా మొదలైపోతాయి.

అందుకే 2027 కోసం చూడకుండా జిల్లా విద్యాధికారులే కదలాలి. పదో తరగతి పిల్లల నంబర్లు బయటికిస్తే బాధ్యత ప్రధానోపాధ్యాయుడిదేనని, యాజమాన్యానిదేనని రాతపూర్వకంగా చెప్పాలి. నంబరు ఎక్కడ దొరికిందో చూపలేని కాలేజీకి అనుబంధ గుర్తింపు ఇచ్చే ముందు ఇంటర్ బోర్డు సంజాయిషీ అడగాలి. వలస ఇళ్లల్లో పిల్లలను సాకుతున్న అవ్వాతాతలు కూడా సమ్మతి ఇచ్చేలా నిబంధనలు సవరించమని రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని కోరాలి. జిల్లా విద్యాధికారులు బడులకు ఇచ్చే ఆ ఉత్తర్వు వచ్చే పదో తరగతి పరీక్షలకు ముందే వెలువడాలి.