బోర్డు మీద ఉన్న కాలేజీ లోపల ఎందుకు లేదు?

పదో తరగతి పాసైన పిల్లాణ్ని హైదరాబాద్‌లో ఏం చేస్తున్నావని అడిగితే 'కాలేజీలో చేరాను' అంటాడు. ఢిల్లీలో అదే ఈడు పిల్లాడు 'పదకొండో తరగతి' అంటాడు, యూనిఫాం వేసుకుని బడికే పోతాడు. మనకు పదిహేనేళ్లకే కాలేజీ వచ్చేస్తుంది. గేటు మీద 'జూనియర్ కాలేజీ' అని పెద్ద బోర్డు. లోపలికి వెళ్తే నాలుగంతస్తుల అపార్ట్‌మెంట్, సెల్లార్‌లో మెస్, మెట్ల గోడ నిండా నిరుటి ర్యాంకర్ల ఫొటోలు. ల్యాబ్‌కు తాళం. ప్రాక్టికల్స్‌కు నెల ముందు తీస్తారు. లైబ్రరీ సంగతి అడగొద్దు. బడిలో ఉన్న పీఈటీ సారు కూడా ఇక్కడ ఉండడు.

అందుకే, బడి ఈడులోనే కాలేజీ స్థాయి కోర్సులు చదివించాలా వద్దా అని చర్చ నడుస్తుంటే నాకు నవ్వొస్తుంది. నగరంలో కొన్ని ఇంటర్నేషనల్ స్కూళ్లు 'ఏపీ' కోర్సులున్నాయని బ్రోషర్లలో వేసుకుంటున్నాయి (పక్క రాష్ట్రం కాదు, అమెరికాలోని కాలేజ్ బోర్డు పెట్టే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్). జాతీయ విద్యా విధానం, క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ గురించి సెమినార్ల మీద సెమినార్లు జరుగుతున్నాయి. ఇదేదో కొత్తగా దిగుమతి చేసుకోవాల్సిన వింత వస్తువన్నట్టు మాట్లాడుతున్నారు. కాలేజీ పాఠాన్ని పిల్లల నెత్తిన ఎప్పుడో పెట్టేశాం. కాలేజీని మాత్రం ఇవ్వలేదు. నా గొడవంతా అక్కడే.

లెక్కల పుస్తకాలు తీసి చూడండి. ఇంటర్ 1బీలో అవధులు, అవకలనాలు. 2బీలో సమాకలనాలు, అవకలన సమీకరణాలు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మన చుట్టాలబ్బాయి 'ఏపీ కాలిక్యులస్' పేరుతో చదివేది దాదాపు ఇదే. మే నెలలో పరీక్ష రాస్తాడు, ఒకటి నుంచి ఐదు దాకా స్కోరు ఇస్తారు. నాలుగో ఐదో వస్తే చాలా యూనివర్సిటీల్లో మొదటి కాలిక్యులస్ కోర్సు చదివినట్టే లెక్క. కొన్ని చోట్ల మూడు చాలు. మన అమ్మాయి అదే చదివి, నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకుని బీటెక్‌లో చేరితే ఏమవుతుంది? ఇంటర్ 1బీలో చదివిన రోల్ సిద్ధాంతం, లగ్రాంజ్ సిద్ధాంతం జేఎన్‌టీయూ మొదటి ఏడాది గణితంలో మళ్లీ ఎదురొస్తాయి. మళ్లీ కూర్చోవాలి, మళ్లీ ఫీజు కట్టాలి, మళ్లీ రాయాలి. చదివిన చదువుకు రసీదు లేదు.

రసీదు లేదన్నది సగం బాధే. రెండో సగం నాకు మా మేనకోడలి దగ్గర తెలిసింది. ఇంటర్ రెండో ఏడాది ఎంపీసీ, నగరంలో ఒక పెద్ద కాలేజీలో 'స్టార్ బ్యాచ్'. దసరా ఔటింగ్‌కు ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద ఇంటిగ్రేషన్ బిట్లు చేస్తోంది. ఎంత వేగమంటే నేను ప్రశ్న చదివేలోపు టిక్కు పెట్టేస్తోంది. ఎలాగమ్మా అంటే, 'ఇంటిగ్రేట్ చెయ్యక్కర్లేదు మామయ్యా. నాలుగు ఆప్షన్లున్నాయిగా, వాటిని డిఫరెన్షియేట్ చేసుకుంటూ పోతే ఏదో ఒకటి ప్రశ్నకు సరిపోతుంది' అంది. నేను మెచ్చుకున్నాను. తెలివైన ఉపాయమే మరి. ఆ రాత్రి పడుకున్నాక తట్టింది: ఈ పిల్ల రెండేళ్లుగా ఇంటిగ్రేషన్ నేర్చుకోలేదు. ఇంటిగ్రేషన్‌ను తప్పించుకోవడం నేర్చుకుంది.

తప్పు దానిది కాదు. ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్‌లో 160 ప్రశ్నలకు 180 నిమిషాలు. ఒక్కో ప్రశ్నకు 67 సెకన్లు. 67 సెకన్లలో ఎవరూ గణితం చెయ్యరు, గుర్తుపడతారు, అంతే. కాలేజీ స్థాయి చదువంటే కష్టమైన సిలబస్ అని మనవాళ్ల నమ్మకం. అందుకే ఆరో తరగతిలో 'ఐఐటీ ఫౌండేషన్' పెట్టి ఇంటర్ ఫిజిక్స్ కిందికి దించేశారు. సిలబస్ ఎంత దించినా అది కాలేజీ చదువు కాదు. ఒక్క లెక్క మీద వారం రోజులు కూర్చోవడం, ప్రయోగం తప్పితే ఎందుకు తప్పిందో నాలుగు పేజీలు రాయడం, పాఠం చెప్పే మనిషిని 'మీరు చెప్పింది తప్పేమో సార్' అనగలగడం, ఆ మనిషి నొచ్చుకోకుండా పుస్తకం తెరవడం, ఇవి కాలేజీ చదువు. ఇవి నేర్పే చోటు మన పిల్లలకు పద్దెనిమిదేళ్ల దాకా దొరకదు. అప్పటికి అడగడం మరిచిపోయి ఉంటారు.

కాబట్టి నేను అడుగుతున్నది చిన్న విషయం. ఇంటర్ చదివే పిల్లలు ఇష్టమైతే సెమిస్టర్‌కు ఒక్క కోర్సు, ఒకే ఒక్కటి, దగ్గర్లోని డిగ్రీ కాలేజీలోనో యూనివర్సిటీలోనో డిగ్రీ విద్యార్థుల పక్కన కూర్చుని చదవాలి. దానికి క్రెడిట్లు (కోర్సు పూర్తి చేస్తే డిగ్రీ లెక్కలో పడే పాయింట్లు) రావాలి. ఆ క్రెడిట్లు తర్వాత డిగ్రీలోనో బీటెక్‌లోనో చెల్లాలి. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం 1985లోనే ఇలాంటి చట్టం తెచ్చింది. హైస్కూలు చివరి రెండేళ్ల పిల్లలు కాలేజీకి పోయి చదువుకోవచ్చు, ఖర్చు రాష్ట్రానిది. మనకు ఆ కాగితాలూ ఉన్నాయి. అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది, అందులో వేసిన క్రెడిట్ ఏడేళ్లు నిలుస్తుంది. పదహారేళ్లకు సంపాదిస్తే ఇరవై మూడేళ్ల దాకా. 2023 నాటి జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ బడి చదువుకూ క్రెడిట్లు లెక్కగట్టింది. డిగ్రీ విద్యార్థి 40 శాతం దాకా క్రెడిట్లు కేంద్ర ప్రభుత్వ 'స్వయం' పోర్టల్‌లోని ఆన్‌లైన్ కోర్సుల నుంచి తెచ్చుకోవచ్చని యూజీసీయే అంది. ఐఐటీ మద్రాస్ తన బీఎస్ డేటా సైన్స్‌కు పదకొండో తరగతి పూర్తయిన పిల్లలనే అర్హత పరీక్షకు రానిస్తోంది. నాలుగు వారాల పాఠాలు వినిపించి పరీక్ష పెడుతుంది, నెగ్గినవాళ్లు పన్నెండు పాసయ్యాక చేరతారు. ఇంటర్ బోర్డు, డిగ్రీ కాలేజీ ఒక బల్ల దగ్గర కూర్చోవడమే మిగిలింది.

ఇంత లేత వయసులో ఇదెక్కడి భారం, ఇప్పటికే పిల్లలు నలిగిపోతున్నారు అనే తల్లిదండ్రుల మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఈ నగరంలో ఇంటర్ ఫలితాల రోజు ఎలా గడుస్తుందో తెలిసినవాళ్లెవరూ తీసుకోలేరు. అయితే నేను కలపమనడం లేదు, మార్చమంటున్నాను. సాయంత్రం మూడు గంటల పాటు సాగే స్టడీ అవర్‌లో వారానికి రెండు రోజులు తీసేసి ఆ చోట ఈ కోర్సు పెట్టండి. ఉన్నవాళ్ల పిల్లలకే దక్కుతుందన్న వాదనకు మాత్రం నా దగ్గర గట్టి జవాబుంది: ఇప్పుడు దక్కుతున్నది ఉన్నవాళ్లకే. ఏపీ బ్రోషర్ వేసే బడి ఫీజెంతో కనుక్కోండి.

ఇంకో సంగతి. పదో తరగతి పిల్లాడు నేరుగా పై చదువుకు పోవడం తెలంగాణకు కొత్తేం కాదు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరిన పిల్లాడు మూడేళ్ల డిప్లొమా చేసి, ఈసెట్ రాసి, నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూర్చుంటున్నాడు. అంటే పదిహేనేళ్ల వయసులో మొదలెట్టిన చదువును బీటెక్ మొదటి ఏడాదికి సమానంగా మన ప్రభుత్వమే లెక్కేస్తోంది, దశాబ్దాలుగా. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. ఎందుకంటే పాలిటెక్నిక్‌కు పోయేది 'మన పిల్లలు' కాదని పెద్ద ఇళ్ల ధీమా. బాసర ట్రిపుల్ ఐటీ చూడండి. 2008లో పెట్టారు. పదో తరగతి మార్కులతోనే తీసుకుంటారు, ప్రభుత్వ బడి పిల్లలకు కొంత అదనంగా కలుపుతారు, ఇంటర్‌కు బదులు రెండేళ్ల పీయూసీ, నాలుగేళ్ల బీటెక్, ఆరేళ్లూ ఒకే క్యాంపస్. అక్కడ లోపాలు లేవా అంటే ఉన్నాయి. 2022 జూన్‌లో పిల్లలు నిరసనగా గేటు దగ్గర వారం రోజులు వానలో కూర్చున్నారు. నాకైతే ఆ కూర్చోవడం కూడా చదువులో భాగమే అనిపించింది. అమీర్‌పేట జూనియర్ కాలేజీలో అడిగే హక్కుందని ఏ పిల్లకైనా తెలుసా?

అంతకంటే వెనక్కి పోవాలంటే మూసీ ఒడ్డుకు రండి. హైకోర్టు పక్కన సిటీ కాలేజీ ఉంది. ఇప్పుడున్న భవనంలోకి 1921లో వచ్చింది, అప్పుడది సిటీ హైస్కూలు. ఆ ఏడాదే అదే కప్పు కింద ఉస్మానియా కింద ఇంటర్ తరగతులు మొదలుపెట్టారు. 1929కి కాలేజీ అయింది. హైస్కూలు పిల్లలూ ఇంటర్ పిల్లలూ ఒకే మెట్లు ఎక్కి దిగారు. బడికీ కాలేజీకీ మధ్య గోడ కట్టడం తర్వాతి పని. 1971లో ఇంటర్‌కు విడిగా బోర్డు పెట్టుకున్నాం. యూనివర్సిటీ నుంచి ఇంటర్ తెగిపోయింది, తెగిన కొసను కోచింగ్ అందుకుంది.

గోడల మాట ఎత్తాను కాబట్టి చెప్తాను, నాకు అసలు కోపం వాటి మీదే. ఈ నగరంలో చదువు కోసం కట్టిన ప్రజల ఆస్తి ఎంతుందో ఒక్కసారి లెక్కేయండి. 1887 నాటి నిజాం కాలేజీ. కోఠీలో రెసిడెన్సీ భవనం చుట్టూ మహిళా యూనివర్సిటీ. ఉస్మానియా ఎకరాల కొద్దీ ఉంది, 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ ముందు పొద్దున్నే జనం నడుస్తుంటారు. నడకకు వచ్చే పెద్దమనిషికి లోపలికి దారి ఉంది. పుస్తకం చూస్తానని వచ్చే పదహారేళ్ల పిల్లకు ఏ దారీ లేదు, ఐడీ కార్డేదీ అంటారు. 1891లో పుట్టి ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న లైబ్రరీ, చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీ. పోయి చూడండి, కుర్చీ దొరకదు. కూర్చున్నవాళ్లంతా గ్రూప్స్ అభ్యర్థులు, ముందున్నది సొంత మెటీరియల్, లైబ్రరీ పుస్తకాలు బీరువాల్లోనే. వాళ్లను అనడం లేదు, ఇంట్లో కూర్చునే చోటు లేకే వస్తారు. మనం లైబ్రరీని కుర్చీగా, కాలేజీని పరీక్షా కేంద్రంగా, యూనివర్సిటీని వాకింగ్ ట్రాక్‌గా వాడుకుంటున్నాం అంటున్నాను. సీట్లు నిండని డిగ్రీ కాలేజీలు ఏటా డిగ్రీ ప్రవేశాల 'దోస్త్' కౌన్సెలింగ్‌లో కనిపిస్తాయి. మధ్యాహ్నం మూడింటికి ఖాళీ పడే తరగతి గది, జీతం తీసుకుంటున్న లెక్చరర్, కిలోమీటరు దూరంలో అపార్ట్‌మెంట్ గదిలో బిట్లు కొడుతున్న పిల్ల. ఈ మూడింటినీ కలపడానికి కొత్త భవనం అక్కర్లేదు.

మొన్న మే నెలలో మా మేనకోడలు ఎప్‌సెట్ రాసింది. సెంటరు ఊరి చివర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పడింది. రెండేళ్లుగా 'కాలేజీ'లో చదువుతున్న ఆ పిల్ల అసలైన కాలేజీ క్యాంపస్‌లో కాలు పెట్టడం అదే మొదటిసారి. బయటికొచ్చాక కాలేజీ ఎలా ఉందమ్మా అని అడిగాను. 'ఏమో మామయ్యా, గేటు నుంచి నేరుగా కంప్యూటర్ ల్యాబ్‌కే తీసుకెళ్లారు. ఏసీ మరీ చల్లగా ఉంది' అంది.